పేరు గోడకెక్కితే పరీక్షకు ఎవరు వస్తారు?

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

డిసెంబరు 1 దగ్గరపడుతోంది. ప్రపంచ ఎయిడ్స్ దినోత్సవం పేరిట ఆ రోజు ఉదయం విజయనగరంలోను, శ్రీకాకుళంలోను కళాశాలల విద్యార్థులు చొక్కాలకు ఎర్ర రిబ్బన్లు గుచ్చుకుని, ప్లకార్డులు పట్టుకుని కూడలి దాకా నడిచి, మానవహారం కట్టి, ప్రతిజ్ఞ చెప్పి, ఎండ ముదరకముందే తరగతులకు వెళ్లిపోతారు. ఇటువంటి ర్యాలీలు చాలా ఏళ్లు నేనూ నడిపించాను. జంతుశాస్త్రం బోధించేదాన్ని కనుక కళాశాలలో రెడ్ రిబ్బన్ క్లబ్ బాధ్యత నాకే అప్పగించేవారు. పదవీ విరమణ తరువాత తీరికగా వెనక్కి చూసుకుంటే, మాతో నడిచిన పిల్లల్లో ఈ సమాచారం ఎవరికి దొరకడం అందరికంటే కష్టమో వారికే అది అందలేదని నాకు తెలిసివస్తోంది. తరగతికి ఇద్దరో ముగ్గురో ఉండే సవర, జాతాపు, గదబ గిరిజన విద్యార్థులు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే, ఇంట్లో ఒడియా మాట్లాడుకునే పిల్లలు. పట్టణంలోని కొద్దిపాటి ముస్లిం కుటుంబాల అమ్మాయిలు. తమ మనసు అందరి మనసులా లేదని లోలోపలే గ్రహించి ఎవరికీ చెప్పుకోలేకపోయే పిల్లలు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పేరు చెప్పకుండా వారి గురించి ఏ మాట అన్నా, అది ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. మన హెచ్ఐవీ నివారణ ప్రచారం ఈ ఒక్క సంగతిని లెక్కలోకి తీసుకోలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

కొన్నేళ్ల కిందట జరిగినది చెబుతాను. ఏ కళాశాలో, ఏ వసతిగృహమో చెప్పను. గిరిజన విద్యార్థినులు ఉండే ఒక హాస్టల్‌కు ఒక సాయంత్రం వైద్య సిబ్బంది వచ్చి, పిల్లలను వరుసలో నిలబెట్టి రక్తం తీసుకుని వెళ్లారు. అది సికిల్‌సెల్ రక్తహీనత పరీక్ష. మన కొండ ప్రాంతాల పిల్లలకు తప్పనిసరిగా జరగవలసిన మంచి పరీక్షే. అయితే అదేమిటో, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి ముగించారు. నాలుగు రోజుల తరువాత 'మళ్లీ పరీక్ష చేయించుకోవలసినవారు' అనే శీర్షిక కింద ఏడు పేర్లు రాసిన కాగితం భోజనాల గది గోడకు అతికించారు. ఆ కాగితంలో జబ్బు పేరు లేదు. లేకపోవడంతో ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకున్నారు. అంతకు రెండు వారాల ముందే మేము ఎయిడ్స్ దినోత్సవ ర్యాలీ జరిపాము. 'రక్తపరీక్ష చేయించుకోండి' అని ఈ పిల్లల చేతే నినాదాలు ఇప్పించాము. నినాదాన్నీ, గోడమీది కాగితాన్నీ పిల్లలు కలిపి చదువుకున్నారు. ఆ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఒక సవర అమ్మాయి కంచం పక్కన ఎవరూ కంచం పెట్టలేదు.

మర్నాడు ఆ అమ్మాయి నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి, 'మేడమ్, ఆ కాగితంలో నా పేరుంది. అందరూ చూసీసేరు. మా ఊరోళ్లకి తెలిస్తే ఏటి చెప్పుకోవాలి?' అని అడిగింది. మొదట చేసే త్వరిత పరీక్షలో అనుమానం వస్తే నిర్ధారణ కోసం మరోసారి రక్తం తీయడం మామూలేననీ, సికిల్‌సెల్ అనేది తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చేదే గాని ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదనీ, దానికీ ఎయిడ్స్‌కూ ఏ సంబంధమూ లేదనీ ఆమెకు గంటసేపు వివరించాను. శ్రద్ధగానే విన్నది. ఆ మర్నాడు తెల్లవారేసరికి పెట్టె సర్దుకుని కొండకు వెళ్లిపోయింది. నిర్ధారణ పరీక్షకు రాలేదు, సెమిస్టర్ రాయలేదు, తిరిగి చదువులోకి రాలేదు. ఆ సాయంత్రం ఆ హాస్టల్‌లో ఒక్కరికి కూడా హెచ్ఐవీ పరీక్ష జరగలేదు. జరగని పరీక్షకే ఒక చదువు ఆగిపోయిందంటే, నిజంగా జరిగే పరీక్షకు ఈ పిల్లలు ఏ ధైర్యంతో చేయి చాపుతారు?

గిరిజన విద్యార్థుల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉందని నేను అనడం లేదు. అలా ఎవరూ అర్థం చేసుకోకూడదు. 2023 నాటి జాతీయ అంచనాల ప్రకారం దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షలకు పైగా ఉన్నారు. వయోజనుల్లో దేశ సగటు 0.2 శాతం కాగా, మన రాష్ట్రంలో అది దాదాపు మూడు రెట్లు. అంటే ఇది అన్ని కులాల, అన్ని మతాల, మైదానంలోను కొండమీదా ఉన్న అందరి సమస్య. తేడా ఉన్నదల్లా సమాచారం చేరడంలోనే. పట్టణపు పిల్లవాడికి అనుమానం వస్తే తెలిసిన మందుల దుకాణం ఉంటుంది, వైద్యం చదువుతున్న అన్నో బావో ఉంటాడు, నలుగురిలో కలిసిపోయే వీలుంటుంది. ఇంటిల్లిపాదిలో కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషి తానే అయిన పిల్లకు అవేవీ ఉండవు.

ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రంలో 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అనే ప్రశ్న ఊరూరా హోర్డింగుల మీద కనిపించేది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. వారి తల్లిదండ్రుల తరం మనసులో ఆ నాటి భయం మిగిలింది, పిల్లల తరానికి భయం కూడా చేరలేదు, సమాచారమూ చేరలేదు. పోల్చి చూడడానికి మనకు దూరం వెళ్లనక్కరలేదు. కిడ్నీ జబ్బులతో సతమతమైన మన ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో, అక్షరం రాని అవ్వ కూడా కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ తన రక్తంలో ఎంతకు చేరిందో చెప్పగలదు. ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి, పరీక్షలు చేసి, కూర్చోబెట్టి చెప్పడం వల్ల అంత కష్టమైన మాట అక్కడ ఇంటిమాట అయింది. హెచ్ఐవీ విషయంలో మనం ఏడాదికి ఒక ఉదయం నడిచి ఊరుకుంటున్నాము. వైరస్ సోకినా పరీక్షకు దొరకని వ్యవధిని విండో పీరియడ్ అంటారని జీవశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థి కూడా చెప్పలేకపోతున్నాడు.

అసలు ఈ పిల్లలకు ఏం తెలుసుకోవాలని ఉంటుందో నాకు తెలిసింది ఒక అట్టపెట్టె వల్ల. పేరు రాయనక్కరలేదని చెప్పి, మూత అతికించి, పైన సన్నని చీలిక పెట్టిన పెట్టెను గ్రంథాలయంలో ఒక మూల ఉంచాను. మొదటి వారం ఖాళీగానే ఉంది. మూడో వారానికి నలభై దాకా చీటీలు వచ్చాయి. ర్యాలీల్లో మేము చెప్పేదానికీ వాటిలో ఉన్నదానికీ పొంతన లేదు. దోమ కుడితే వస్తుందా, హాస్టల్‌లో ఒకే బకెట్ వాడితే వస్తుందా అన్న పాత అనుమానాలు కొన్ని ఉన్నాయి. రావని, కలిసి తిన్నా, ముట్టుకున్నా, దగ్గినా రాదని ఎన్నిసార్లయినా చెప్పవలసిందే. కానీ ఎక్కువ చీటీలు మరో రకమైనవి. 'ఒక్కసారికే వస్తుందా?' అని ఒకరు రాశారు. రక్షణ లేని కలయిక ఒక్కసారి జరిగినా వచ్చే అవకాశం ఉందనీ, అలాగని ప్రతిసారీ వచ్చి తీరాలని కూడా లేదనీ, భయంతో రోజులు గడిపే బదులు పరీక్షే దారి అనీ చెప్పాలి. 'ఎన్ని రోజులకు తెలుస్తుంది?' అని మరొకరు అడిగారు. వైరస్ ఒంట్లో చేరినా పరీక్షకు దొరకని వ్యవధి కొంత ఉంటుంది. మనవద్ద మామూలుగా చేసే పరీక్షల్లో అది మూడు నెలల దాకా ఉండవచ్చు. అందువల్ల తొందరపడి మరునాడే పరీక్ష చేయించుకుని లేదని తేలితే నిశ్చింతగా ఉండకూడదు, మూడు నెలలకు మరొకసారి చేయించుకోవాలి. ఈ ఒక్క మాట సరిగా తెలియక ఎంతమంది తప్పుడు ధైర్యంతో ఉండిపోతున్నారో.

సంబర పోలమాంబ జాతరలో వేయించుకున్న పచ్చబొట్టు గురించి ఒక చీటీ వచ్చింది. అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే పచ్చబొట్టు మన కొండల్లో అలంకారం మాత్రమే కాదు, ఆచారం కూడా. ఒకే సూదిని ఒకరి తరువాత ఒకరికి వాడితే హెచ్ఐవీ సోకే వీలు కొంత ఉంది, కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ బి, సి సోకే వీలు అంతకంటే ఎక్కువ. కనుక పచ్చబొట్టు వద్దనడం కాదు, తన కళ్లముందు కొత్త సూది విప్పించుకోమని చెప్పాలి. హెపటైటిస్ బికి టీకా ఉందని కూడా చెప్పాలి. ఆచారాన్ని తప్పుపడితే ఆ పిల్ల మన మాట వినడం మానేస్తుంది, సూది గురించి చెబితే ఇంటికి వెళ్లి అక్కాచెల్లెళ్లకు కూడా చెబుతుంది.

అమ్మాయిల చీటీల్లో సగానికి పైగా తెల్లబట్ట గురించి, మంట గురించి, నెలసరి గురించి. వాటిని చూసి ఇవి ఎయిడ్స్ క్లబ్‌కు సంబంధించినవి కావని ఒక సహోద్యోగి పక్కన పెట్టబోయారు. నాకు మాత్రం అవే అసలైన తలుపులని అనిపించింది. మామూలు తెల్లబట్ట ఏదో, రంగు వాసన మారి వైద్యుడికి చూపించవలసినది ఏదో చెప్పేవారు లేని చోట, లైంగిక వ్యాధుల గురించి ఎవరు మాట్లాడగలరు? సవాయి (సిఫిలిస్), గనేరియా, క్లమీడియా వంటివి చాలామందిలో ఏ బాధా లేకుండానే ఉండిపోతాయి. క్లమీడియాను పట్టించుకోకపోతే ఆడపిల్లల్లో గర్భనాళాలు మూసుకుపోయి సంతానం కలగకపోవచ్చు. తొలిదశలో ఉన్న సవాయి పెన్సిలిన్ సూదిమందుతో నయమవుతుంది. ఇటువంటి జబ్బులు ఉన్నవారికి హెచ్ఐవీ సోకడం మరింత తేలిక. కనుక వీటికి వైద్యం చేయించడం కూడా హెచ్ఐవీ నివారణే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో వీటికి ఉచిత వైద్యం ఉంది. కానీ ఆ బోర్డు అర్థం తెలిసిన విద్యార్థిని నాకు ఒక్కరూ తారసపడలేదు.

కండోమ్ గురించి కూడా దాపరికం లేకుండా రాయనివ్వండి. 1968లోనే నిరోధ్ పేరుతో ప్రభుత్వ కండోమ్ వచ్చిన దేశంలో, గోడలమీద దాని ప్రకటనలు చూస్తూ పెరిగిన మా తరం, తరగతి గదిలో ఆ మాట అనడానికి ఇప్పటికీ చాక్‌పీసు నలుపుకుంటూ నిలబడుతోంది. గడువు తేదీ చూడాలనీ, నూనె తగిలితే చిరిగిపోతుందనీ, ఒకటి ఒక్కసారికే వాడాలనీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం పెద్దల్లో ఉంది. పెళ్లి దాకా ఆగాలనుకునే పిల్లకు ఆ హక్కును గట్టిగా చెప్పుకునే ధైర్యం కూడా ఇటువంటి పాఠమే ఇస్తుంది, ఎందుకంటే 'వద్దు' అనడం ఎలాగో, బలవంతం అంటే ఏమిటో ఇందులో భాగమే. బలవంతానికి గురైన పిల్లకు 72 గంటల లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ సోకకుండా ఆపవచ్చు. ఆ 72 గంటలు అనే సంఖ్య మన హాస్టళ్లలో వార్డెన్లకే తెలియదు. తెలియని వార్డెన్, 'రేపు చూద్దాం, ఎవరికీ చెప్పకు' అని ఓదార్చి పంపిస్తే గడువు దాటిపోతుంది.

ఆ పెట్టెలోనే ఒక చీటీ ఒడియా లిపిలో ఉంది. నాకు ఆ లిపి రాదు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక విద్యార్థి చేతికిచ్చి చదివించుకున్నాను. చదువుతూనే అతని ముఖం మారిపోయింది. కళాశాల మొత్తానికి ఒడియా రాయగలవారు ముగ్గురే. తాను రాయలేదు కనుక మిగిలిన ఇద్దరిలో ఎవరు రాశారో దస్తూరి చూడగానే అతనికి తెలిసిపోయింది. గుట్టుగా ఉంటుందని మాట ఇచ్చి పెట్టిన పెట్టెలో ఆ గుట్టును నా చేతులతో నేనే బయటపెట్టాను. ఆ చీటీని ఊరి బయట ఎవరి చేతనైనా చదివించి ఉండవలసిందన్న ఆలోచన అప్పుడు తట్టలేదు. తక్కువమంది ఉన్నచోట మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని నాకు అప్పుడే అర్థమైంది.

భాష సంగతి ఇక్కడ కాస్త నిలిచి మాట్లాడవలసినది. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని వారి మధ్య తిరిగారు, వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు, బడులు నడిపారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయినా ఆ పని మానలేదు. నూరేళ్లు దాటిన తరువాత, ఆయన జయంతిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న మనం, సవర పిల్లలకు ఒంటి గురించి, జబ్బు గురించి చెప్పవలసి వస్తే సంస్కృత సమాసాలు నిండిన తెలుగు కరపత్రం చేతికిస్తున్నాము. 'అరక్షిత లైంగిక సంపర్కం' అన్న మాట ఆ కరపత్రంలో ఉంది. మైదానపు తెలుగు పిల్లలకే అది పరీక్ష ప్రశ్నలా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకం తెలుగులో చదివి మార్కులు తెచ్చుకున్న సవర విద్యార్థి కూడా భయం, సిగ్గు, నొప్పి ఇంటి భాషలోనే అనుభవిస్తాడు. ఆ భాషలో చెప్పగలిగిన మనిషి కావాలి. అలా అని ఆ మనిషి అదే ఊరివాడు, అదే బంధువర్గం అయితే నోరు విప్పడం మరీ కష్టం. సవర తెలిసిన, కానీ ఆ పిల్లల పల్లెకు చెందని సలహాదారు కావాలి. ఇది వెతికితే దొరకనిదేమీ కాదు. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచి విజయనగరంలోనే నడుస్తోంది. అక్కడి సామాజిక శాస్త్రాల, భాషా విభాగాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, నెలకు ఒక రోజు సీతంపేట, పార్వతీపురం, పాలకొండ కళాశాలలకు పంపించవచ్చు. కరపత్రం బదులు ఫోనులో వినగలిగే నాలుగు నిమిషాల మాటలు సవరలో, కువిలో, ఒడియాలో రికార్డు చేసి ఇవ్వవచ్చు. చెవికి పెట్టుకుని ఒంటరిగా వినే మాటను పక్కవాడు చూడలేడు, కరపత్రం దాచుకోవడానికి హాస్టల్‌లో చోటుండదు.

ముస్లిం అమ్మాయిల విషయంలో నా అనుభవం తక్కువ, కాని ఒక్కటి చెప్పగలను. మగ వైద్యుడి ఉపన్యాసం ఏర్పాటు చేసిన రోజున వారిలో సగం మంది సెలవు పెట్టారు, మహిళా వైద్యురాలు వచ్చి తలుపులు మూసి మాట్లాడిన రోజున ఇంటి నుంచి తమ వదినలను కూడా వెంటబెట్టుకుని వచ్చారు.

అబ్బాయిల్లో అబ్బాయిల పట్ల ఆకర్షణ ఉన్నవారి గురించి మన పత్రికల్లో చాలా తక్కువగా రాస్తారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది. సరిగ్గా నాలుగు రోజుల తరువాత, సెప్టెంబరు 10న, హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రెండూ కలిసి ఈ పిల్లలకు ఒక మాట చెబుతున్నాయి: భయపడకుండా వచ్చి అడగవచ్చని. వీరి కోసం స్వచ్ఛంద సంస్థల ద్వారా ప్రత్యేక కార్యక్రమాలు ఉన్నాయి గాని, ఆ కార్యాలయం మెట్లెక్కితే ఎవరైనా చూస్తారేమోనని కళాశాల విద్యార్థి అటువైపు వెళ్లడు. కళాశాలలో రెడ్ రిబ్బన్ క్లబ్ వారిని గురించి ఒక్క మాట కూడా అనదు. రెండింటి మధ్యా జారిపోతున్న ఆ పిల్లవాడు కూడా మన పిల్లవాడే.

మరొక విషయం మనం పూర్తిగా మరిచిపోతున్నాము. దేశంలో హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1న ఉచితంగా ఇవ్వడం మొదలైంది. తరువాత రెండేళ్లకు చిన్నపిల్లలకు కూడా ఆ మందులు అందాయి. అంటే తల్లి కడుపులో ఉండగా హెచ్ఐవీ సోకి, మందుల బలంతో ఆరోగ్యంగా ఎదిగిన పిల్లలు ఈ రోజు డిగ్రీ తరగతుల్లో కూర్చుని ఉన్నారు. వారు చేసిన తప్పు ఏదీ లేదు. తప్పు అనే మాట అసలు ఎవరి విషయంలోనూ వాడకూడదు. రోజుకొక మాత్రతో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోయినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. అటువంటి పిల్ల కూడా డిసెంబరు 1న మన వరుసలోనే నడుస్తుంది. ముందు వరుసలో ఎవరో పుర్రె బొమ్మ వేసి, 'ఎయిడ్స్ అంటే మరణం' అని రాసిన ప్లకార్డు ఎత్తుతారు. నేను కూడా ఒకప్పుడు అటువంటివి రాయించాను. అది ఆ పిల్ల ఎలా చదువుకుని ఉంటుందో ఇప్పుడు ఊహించుకుంటే నిద్ర పట్టదు.

పైన చెప్పిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం గురించి కళాశాలలకు తెలియజేయవలసిన బాధ్యత జిల్లా అధికారులది. దాని ప్రకారం, ఏమిటి, ఎందుకు అని వివరించి అంగీకారం తీసుకోకుండా ఎవరికీ హెచ్ఐవీ పరీక్ష చేయరాదు. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి తన అంగీకారం తానే ఇవ్వవచ్చు, ఇంటికి కబురు పంపనక్కరలేదు. హెచ్ఐవీ ఉందన్న కారణంతో కళాశాలలో సీటు గాని, హాస్టల్‌లో మంచం గాని నిరాకరించరాదు. ఒకరి హెచ్ఐవీ స్థితిని వారి అంగీకారం లేకుండా బయటపెట్టరాదు. నేను చెప్పిన గోడ కాగితం వేరే జబ్బుదే కావచ్చు, కాని ఈ చట్టం స్ఫూర్తి అర్థమైన సంస్థలో ఏ రక్తపరీక్ష ఫలితమూ గోడకెక్కదు.

కాబట్టి మన జిల్లాల అధికారులకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. హాస్టల్ ఆవరణలో వరుసకట్టి రక్తం తీయడం మానండి. తీయవలసి వస్తే ఏ జబ్బు కోసమో ఒకటికి రెండుసార్లు, పిల్లల భాషలో చెప్పండి; మళ్లీ పిలవవలసినవారిని ఒక్కొక్కరినే, ఎవరికీ తెలియకుండా పిలవండి. హెచ్ఐవీ పరీక్షకు పిల్లలను గుంపుగా బస్సులో ఎక్కించకండి. ఐసీటీసీ, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో చెప్పి, తరగతి ఎగ్గొట్టకుండా వెళ్లివచ్చే వీలు కల్పించండి. హాజరుపట్టీలో కారణం రాయమనకండి. శిబిరం నివేదికల్లో ఫలానా తెగవారు ఇంతమంది అని కళాశాల వారీగా అంకెలు ప్రచురించకండి, ఇద్దరే ఉన్నచోట అంకె కూడా పేరే అవుతుంది. రెడ్ రిబ్బన్ క్లబ్‌కు ఏడాదికి ఒక ర్యాలీ బదులు నెలకు ఒక గంట ఇవ్వండి. ప్రశ్నల పెట్టెను ప్రతి కళాశాలలో పెట్టండి. దానిలో వచ్చిన ఒడియా చీటీనో, సవర చీటీనో మాత్రం కళాశాలలో ఎవరి చేతా చదివించకండి. నేను చేసిన పొరపాటు మరొకరు చేయవద్దు.

విద్యార్థులకు ఒక్క మాట. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే ఖర్చు ఉండదు, పేరు చెప్పనక్కరలేదు, ఏ ఊరో ఎవరూ ఆరా తీయరు. అక్కడ దొరికిన సమాధానం అర్థం కాకపోతే మళ్లీ చేయండి.

ఈ ఉత్తరం ప్రచురించేటట్లయితే దయచేసి నా పేరు వేయవద్దు. రాసినదానికి వెనుకాడి కాదు. నా పేరు తెలిస్తే నేను పనిచేసిన కళాశాల తెలుస్తుంది, కళాశాల తెలిస్తే ఆ ఏడాది అక్కడి నుంచి కొండకు తిరిగి వెళ్లిపోయిన ఒకే ఒక సవర అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
విజయనగరం.